ముద్ర పోని చోటు

నోయిడాలో నాది ఇడ్లీ బండి. ఎనిమిదో తరగతిలోనే చదువు నన్ను వదిలేసింది; నేనూ బతిమాలలేదు. మా అన్నయ్య అలా కాదు. సెంట్రల్ గవర్నమెంటులో చేసి రిటైరయ్యాడు. అందరూ ఫ్లాట్లు కొనుక్కుంటుంటే ఆయన పాత కవర్లు కొనుక్కున్నాడు. నిజాం కాలంలో ఒకే రైలు దారి వెంట ఉన్న ఊళ్ల నుంచి వెళ్లిన ఉత్తరాల కవర్లు. స్టాంపు ఉంటే చాలదు, దాని మీద ఆ ఊరి పోస్టాఫీసు ముద్ర చెక్కుచెదరకుండా ఉండాలి.

నీటికాసుల జబ్బుతో అన్నయ్య చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. పిల్లలకు వీటి మీద ధ్యాస లేదు. అందుకని, కళ్లు కనిపిస్తుండగానే, ఆ దారిని ముక్కలు చెయ్యని మనిషికి అమ్మాలని పట్టుబట్టాడు. బేరాలకు పనికొస్తానని నన్ను వెంటబెట్టుకున్నాడు.

మొదట పాత ఢిల్లీలో స్టాంపులు కొని అమ్మే ఒక దుకాణానికి వెళ్లాం. యజమాని మంచి మాటకారి. విడదీసే ప్రశ్నే లేదన్నాడు, దేవుడి పటం వైపు చూపించాడు, చాయ్ తెప్పించాడు. నాకు నచ్చేశాడు. అంతలో అతను, అన్నయ్య అన్నిటికన్నా అపురూపంగా చూసుకునే కవరు చేతిలోకి తీసుకుని, కాగితం మాసిపోయింది, స్టాంపు వెనక ఎలా ఉందో చూడాలి అంటూ బల్ల కింద నుంచి నీళ్ల గిన్నె పైకి తీశాడు. నానబెట్టి స్టాంపు ఊడదీస్తే ముద్ర సగం కవరు మీదే ఉండిపోతుంది.

అన్నయ్య అరచెయ్యి కవరు మీద పడింది. అవతలి అంచు ఇంకా దుకాణదారు వేళ్లలోనే ఉంది. ఇద్దరూ వదలడం లేదు. ఎవరు లాగినా ఆ కాగితం చిరుగుతుంది.

"భయ్యా, మా వదిన చెయ్యి కూడా ఈయన ఇంత గట్టిగా పట్టుకోలేదు. వదిలెయ్," అన్నాను హిందీలో.

అతను నవ్వలేదు కానీ వదిలాడు. మెట్రోలో అన్నయ్య ఆ అంచునే తడుముతూ కూర్చున్నాడు.

అలాంటి దుకాణాల్లో స్టాంపులు విడివిడిగా పోతాయనీ, ముద్రలు సేకరించేవాళ్లు వేరే ఉంటారనీ, వాళ్లు నోయిడాలోనే ఒక సొసైటీ హాల్లో ఆదివారాలు కలుస్తారనీ అన్నయ్య పాత కొలీగ్ ఒకాయన చెప్పారు. మా బండికి కూతవేటు దూరం. నా ఇడ్లీలు తిని వెళ్లి అక్కడ కూర్చునేవాళ్లట.

అక్కడ ఒక పెద్దావిడ భూతద్దం పెట్టి అన్నయ్య ఆల్బమ్‌లోని కవర్లన్నీ చూశారు. తెలంగాణ మనిషి, ఆమెదీ అదే రైలు దారి పిచ్చి. అపురూపమైన కవరు దగ్గర ఆగిపోయారు. భూతద్దం కదలదు. నకిలీ అంటారేమో అనిపించింది. జోకు వెయ్యబోతే అన్నయ్య నా కాలు తొక్కాడు.

చివరికి తలెత్తి అన్నీ తీసుకుంటానన్నారు. ధర కూడా మేం అనుకున్నదే. నేను లేచి నిలబడ్డాను. అన్నయ్య లేవలేదు.

"వీటిని ఎప్పటికీ విడదీయనని మాటిస్తారా, మేడమ్?"

ఆవిడ భూతద్దం బల్ల మీద పెట్టేశారు. చేతికొచ్చిన బేరం చెడగొట్టాడని మనసులో అన్నయ్యను తిట్టుకున్నాను.

"నేనున్నంత కాలం విడదియ్య. నా తర్వాత పిల్లలేం చేస్తరో నాకు తెల్వది సార్. అబద్ధం ఎందుకు చెప్పాలె?"

పోయిందనుకున్నాను. అన్నయ్య ఆవిడ ముఖం సరిగా కనిపించేలా తల తిప్పి, చాలాసేపు చూశాడు. తర్వాత ఆల్బమ్ ఆవిడ వైపు జరిపాడు.

జరిపాడే గానీ చెయ్యి తియ్యలేదు. ఆ అపురూపమైన కవరు మీది ముద్రలో వంకర ఎందుకొచ్చిందో మీకు తెలుసా అని మొదలుపెట్టాడు. అది వంకర కాదు, సిరా ఒలికిందని ఆవిడ అన్నారు. ఇద్దరూ కుర్చీలు దగ్గరకు లాక్కున్నారు. మర్నాటి బండికి పిండి రుబ్బుకోవాలని నేను రెండుసార్లు గుర్తుచేశాను.

"నువ్వెళ్లరా," అన్నాడు అన్నయ్య, తలెత్తకుండానే.