నొప్పి లేదనే మాట

షుగర్ పుండు ముదిరి నా భార్యకు కుడిపాదం తీసేయాల్సి వచ్చింది. తీసిన డాక్టరమ్మే కొన్నాళ్లకు నన్ను తిరుపతికి పిలిపించింది. కాలి పుండ్లకు వైద్యం నేర్చుకునే నర్సుల ముందు నేను రోగిగా నటించాలట. నాకూ షుగరే కాబట్టి సరిపోతానంది. బతుకంతా బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి, ఈ వయసులో నాకీ వేషాల ఖర్మేమిటి అనుకున్నాను. కానీ మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరక్కూడదని ఒప్పుకున్నాను.

ఆ పొద్దు నా కుడి అరికాలికి రబ్బరు పుండు అంటించారు. చుట్టూ ఎరుపు, నడుమ చీము రంగు. అచ్చం నా భార్య కాలిదే. ఏం అడిగినా నేను చెప్పాల్సింది ఒకటే, నొప్పి లేదని. నొప్పి తెలియలేదంటే నరాలు మొద్దుబారాయని, అదే అసలు ప్రమాదమని నర్సులు పట్టుకోవాలి. ఆమె నొప్పి లేదన్నప్పుడు మేం సంతోషించాం, పిచ్చిమాలోకాలం.

ఒకరి తర్వాత ఒకరు వచ్చి రబ్బరు పుండును కడిగారు, కొలిచారు, కట్టు కట్టారు. ఒకడైతే నా ముఖం వైపే చూడలేదు. నాకు ఒళ్లు మండింది.

"నా కాలొక్కటే రాలేదప్పా, నేను గూడా వచ్చినాను," అనేశాను.

చివర్లో నాయుడుపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి వంతు. పనంతా ముగించి, ఎడమకాలి చెప్పు కూడా విప్పమంది. పుండు ఈ కాలికే, ఆ కాలితో పని లేదని విసుక్కున్నాను. వినలేదు. తనే వంగి చెప్పు తీసి, పాదం పైకెత్తి, కాసేపు అట్లాగే పట్టుకుంది.

"పెద్దాయనా, ఈ పుండు గూడా వాళ్లే అంటించినారా?"

ఎవరూ అంటించలేదు. చెప్పులో పైకి లేచిన మేకు బొటనవేలి కింద ఎన్నాళ్లుగా గుచ్చుతోందో, నాకు తెలియనే లేదు. డాక్టరమ్మ వచ్చి అక్కడే శుభ్రం చేసింది. ఎముక దాకా పోలేదని, జాగ్రత్తగా ఉంటే కాలు దక్కుతుందని చెప్పింది.

రోజూ నా భార్యకు మిగిలిన పాదాన్ని వేళ్ల సందులతో సహా వెతికి చూసేది నేనే. నావి మాత్రం ఒక్కనాడూ చూసుకోలేదు.

సాయంత్రానికి చిత్తూరులో మా ఇంటికి చేరాను. ఎడమకాలి కట్టు చూసి ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మంచం మీద కాస్త జరిగి, నా కాలు తన ఒళ్లో పెట్టుకుంది.

"నొప్పిగా ఉండాదా?" అని అడిగింది.

పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లందరికీ చెప్పిన మాటే. ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.