సంచికి చక్రాల కుర్చీ

మోకాళ్లలో కీళ్లవాతం అని తేలాక నడిస్తే ఇంకా అరిగిపోతాయని భయపడి, నేను నడవడమే తగ్గించేశాను. శంషాబాద్ విమానాశ్రయంలోనూ చక్రాల కుర్చీ అడిగి కూర్చున్నాను. ఒకమ్మాయి తోస్తోంది.

పక్కన నా ఈడు ఆవిడ ఒకరు తన కుర్చీలో సంచిని కూర్చోబెట్టి, తానే తోసుకుంటూ నడుస్తున్నారు. కుర్చీ తోయాల్సిన మనిషి ఖాళీ చేతులతో వెనకాల వస్తున్నాడు.

"మీకు నొప్పుల్లేవా?" అన్నాను.

"ఎందుకు లేవక్కా? పొద్దుగాల లేస్తే మోకాళ్లు కట్టె లెక్క బిగుసుకపోతయ్. జర నడిస్తే వదులైతయ్."

"మరి కుర్చీ ఎందుకు?"

"నొప్పి ఎక్కువైతే కూసుంట, తగ్గినంక లేస్త. ఒకసారి పంతానికి నడిచి వాపు తెచ్చుకున్న. ఇగ గట్ల చెయ్య."

అన్నట్టే కాసేపటికి సంచి ఒళ్లో పెట్టుకుని దర్జాగా కూర్చున్నారు. కాళ్లు మెల్లగా చాపి, ముడిచి, మళ్లీ లేచారు.

నేను అమ్మాయిని ఆగమన్నాను.

ఇప్పటికీ ఏ ప్రయాణానికైనా చక్రాల కుర్చీ అడుగుతాను. అందులో ఎక్కువ దూరం వెళ్లేది మాత్రం నా సంచే.