ఎర్రొడ్లు పూసిన ఆదివారం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకెంత ధైర్యముండేదో తలుచుకుంటే, ఇప్పుడు నాకే భయమేస్తుంది. వరి పరిశోధన కేంద్రంలో చేరిన నెలకే, నా చేతుల మీదుగా ఓ కొత్త వరి పుట్టబోతోందని ఇంట్లో ప్రకటించాను. (నాకు పెళ్ళి కుదరబోతోందని మా అమ్మ అప్పటికే వీధంతా ప్రకటించేసింది.)

రైతులంతా వేసే రకం ఒకటుండేది. కాపు బ్రహ్మాండం, ఉప్పునీళ్ళు సోకితే మాత్రం నిలువునా ఎండిపోయేది. ఉప్పుమళ్ళుండే నౌపడ వైపు నాటు రకం ఎర్రొడ్లు దీనికి పూర్తిగా ఎదురు. కాపు తక్కువ, గాలేస్తే పడిపోతాయి, కానీ ఉప్పునేలలో పచ్చగా నిలబడతాయి. ఊళ్ళల్లో వాటినందరూ మానేశారు, మా విత్తనాల చల్లగదిలో గుప్పెడు గింజలు మిగిలాయి. అవీ పోయుంటే, ఉప్పును ఓర్చుకునే ఆ గుణాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాం? రెండింటినీ కలపాలి. తీరా చూస్తే రెండూ ఒకేసారి పుయ్యవు. ఆ ఏడు నాట్లు ముందూ వెనకా వేయించి ఎలాగో పూతలు కలిపాను. శనివారం సాయంత్రం, సొంత పుప్పొడి అంటకుండా మామూలు రకం పువ్వుల్లోంచి పుప్పొడి తిత్తుల్ని పట్టకారుతో ఏరేసి, కంకులకి కాగితపు సంచులు తొడిగాను. మర్నాడు ఎండెక్కే వేళ ఎర్రొడ్లు విచ్చుకోగానే వాటి పుప్పొడి వీటిమీద దులపాలి. ఎర్రొడ్లకి అదే ఆఖరి పూత.

సరిగ్గా ఆ ఆదివారమే నెల్లిమర్లలో మా ఇంట్లో పెళ్ళిచూపులు!

"ఏటే, పెళ్లోరొచ్చీసినారు, నువ్వెక్కడున్నావే?" అని అమ్మ ఫోనులో గుసగుసగా అరిచింది.

"మళ్ళో ఉన్నానమ్మా. వరి పూస్తన్నాది. వాళ్ళని ఓ గంటాగమను."

"ఆ వరికే సెప్పు, గంటాగమని!"

కాసేపటికి మా కేంద్రం మడి గట్టు దగ్గర ఆటో ఆగింది. "పిల్లెక్కడుంటే అక్కడే సూద్దాం" అందట పెళ్ళికొడుకు తల్లి. ముందు ఆవిడ, వెనక తలదించుకుని మా అమ్మ, చివర్న కొత్త చొక్కాలో లెక్కల మాస్టారైన పెళ్ళికొడుకు. నేనేమో నాన్న పాత చొక్కాలో, మోకాళ్ళదాకా బురదలో, ఎర్రొడ్ల కంకి దులపబోతూ ఉన్నాను. నమస్కారానికి చేతులు ఖాళీ లేక తలూపాను. పెళ్ళికొడుకు బాగా చూద్దామని వంగి, గట్టిగా తుమ్మాడు. పుప్పొడంతా గాల్లో కలిసిపోయింది.

"ఒరే, ఆగరా!" అని అరిచాను.

అమ్మ కళ్ళు మూసేసుకుంది. పెళ్ళికొడుకు నిజంగానే ఆగిపోయాడు. "నేనేటి సెయ్యాలండీ?" అన్నాడు మెల్లగా. గొడుగిచ్చి గాలికి అడ్డం పెట్టమన్నాను. మిగిలిన కంకులు దులిపినంతసేపూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. (మొహం ఎర్రబడితే సిగ్గుపడుతున్నాడనుకుంది అమ్మ.)

వాళ్ళమ్మ ఓ కంకిని నిమిరి, "ఇవి మా అత్తోరినాటి ఎర్రొడ్లే! తుపానుకి ఉప్పునీరెక్కితే ఇవే మిగిలీవి. కాపు సాలదని మేవే మానీసినాం. మళ్ళీ వస్తాదేటమ్మా?" అంది.

"రెండేళ్ళలో వస్తాదండి" అన్నాను, బురదలోంచే ధీమాగా.

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. "ఊరుకో వదినా. పిల్ల నోరూ సూసీసినాం, పనీ సూసీసినాం. ఇంకేటి కావాల?" అందావిడ.

పెళ్ళయితే ఆ మాఘంలోనే అయిపోయింది. వరి అంత తేలిగ్గా లొంగలేదు. ఆ రోజు దులిపిన పుప్పొడికి కట్టిన గింజలే కాసిని. వాటిని నాటి, వాటి సంతానంలో ఉప్పుకి ఓర్చేవీ, పడిపోనివీ, నిండుగా కాసేవీ ఏరి, మళ్ళీ నాటి, మళ్ళీ ఏరి... ఆ ఏరడంలోనే ఏళ్ళు గడిచి నాకు కళ్ళద్దాలొచ్చాయి. ఈ ఏడు అందులో మిగిలిన ఒక రకాన్ని మా అత్తగారి మడిలో పరీక్షకి వేశాం. మొన్నటి తుపానుకి ఉప్పునీళ్ళెక్కి దిగాయి. పక్క మడి మాడిపోయింది, ఇది పచ్చగానే ఉంది, కంకీ వేసింది.

"వచ్చే ఏడు మా ఊరందరికీ ఇత్తనాలిస్తావేటమ్మా?" అని అడిగింది అత్తగారు.

"ఇంకా సూడాలత్తా. ఇంకో రెండు మూడు సోట్ల నెగ్గాల" అన్నాను.

ఆవిడ నమ్మకంగా తలూపి, గట్టుమీద కూర్చుంది. ఆమె పక్కన కూర్చున్నప్పుడు, పెళ్ళివారికి బురదలోంచి గడువులిచ్చిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. కానీ ఆ తొందరే లేకపోతే, అంత ఎండలో ఆ మళ్ళోకి ఎవరు దిగుతారు?