ఎడమచేయి దాచుకున్న కాలేజీ

నేను ఏడో తరగతి తప్పి బడి మానేశాను. సర్కారు నన్ను నాలుగో తరగతి ఉద్యోగిగా తీసుకుంది. మూడు తరగతులు కిందికి దిగి కొలువు సంపాదించినవాణ్ణి మా సిరిసిల్లలో నేనొక్కణ్ణే అనుకుంటాను. క్లాస్ ఫోర్ అంటే అటెండర్లు, స్వీపర్లు, వాచ్‌మెన్లు ఉండే చిట్టచివరి మెట్టు. దాని కింద ఇంకో మెట్టు లేదు గనుక రిటైరయ్యే దాకా నన్ను ఎవరూ దించలేకపోయారు.

ఎనభైల చివర, పార్లమెంటు ఎన్నికలు వచ్చిన ఏడు, వానాకాలంలో నన్ను కోరుట్లలో ఒక డిగ్రీ కాలేజీకి అటెండర్‌గా బదిలీ చేశారు. హాజరు పట్టీలు క్లాసులకు మోయడం, స్టాఫ్ రూముకు చాయ్ తేవడం, గంట కొట్టడం నా పనులు. గంట అంటే వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. పీరియడ్ అయితే ఒక దెబ్బ, ఇంటర్వెల్‌కు రెండు. ఆపకుండా కొడితే దాన్ని లాంగ్ బెల్ అంటారు, కాలేజీ ఇంక బంద్ అన్నట్టు. ఆ రోజుల్లో ఎక్కడ ఎన్‌కౌంటర్ జరిగినా, ఏ సంఘం బంద్‌కు పిలుపిచ్చినా పిల్లలు ముందు నా దగ్గరికే ఉరికి వచ్చేవారు. "రాజేశమన్నా, లాంగ్ బెల్ కొట్టే!" అని వరండా అంతా అరిచేవారు. అన్నా అన్న మాట వినబడగానే గేటు బయట నిలబడ్డ కానిస్టేబుల్ తల తిప్పి చూసేవాడు. అడవిలో ఉన్నవాళ్లను అందరూ అన్నలనే పిలిచే కాలం అది. "మీకు దండం పెడుత, నన్ను కాకా అనుండ్రిరా" అని బతిమాలుకున్నాను. అప్పటి నుంచి ఆ కాలేజీకి నేను కాకను, అంటే చిన్నాయనను.

ఆ పిల్లల లొల్లి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇవాళ మా ఇంటి చుట్టూ సాంచెలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా టకటకలాడుతూనే ఉంటాయి. అంత చప్పుడులోనూ ఏదో చప్పుడు తక్కువైనట్టే ఉంటుంది నాకు.

ఓటు వయసును పద్దెనిమిదికి దించిన తర్వాత వచ్చిన మొదటి పార్లమెంటు ఎన్నికలు అవే. మా డిగ్రీ పిల్లల్లో చాలామందికి కొత్తగా ఓటు వచ్చింది. అడవి దిక్కు నుంచి మాత్రం ఎన్నికలను బహిష్కరించమని పిలుపు వచ్చింది. కోరుట్ల పట్నం పిల్లలు ఓటు వేశారు, వేలికి సిరా పడింది. మెట్‌పల్లి అవతల ఇబ్రహీంపట్నం దిక్కు ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు చాలామంది వేయలేదు, వేలు తెల్లగా ఉంది. సిరా లేకపోతే పోలీసులు బస్సు ఆపి, వెయ్యొద్దని నీకు చెప్పినోడు ఎవడని అడిగేవారు. సిరా ఉంటే ఊళ్లో ఇంకొకరు వచ్చి, వెయ్యమని నీకు చెప్పినోడు ఎవడని అడిగేవారు. ఎడమచేతి చూపుడువేలు ఎటు చూపినా తిప్పలే.

ఎన్నికల తర్వాత కాలేజీ తెరిచిన రోజు పిల్లలందరి ఎడమ చేతులూ జేబుల్లో ఉన్నాయి. జేబులు లేని ఆడపిల్లలు చున్నీ కింద దాచుకున్నారు. చలికాలం గదా అనుకున్నాను. మధ్యాహ్నం ఎండలో కూడా చేతులు బయటికి రాలేదు. హాస్టల్ పిల్లలు ఒక వరుసలో, పట్నం పిల్లలు ఒక వరుసలో కూర్చున్నారు. లెక్చరర్లది మరో కథ. పోలింగ్ డ్యూటీకి పోయినవాళ్లు ఓటును పోస్టులో పంపుతారు, వాళ్ల వేలికి సిరా పడదు. మా ఇంచార్జి ప్రిన్సిపాల్ సారు, అంటే ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీగా ఉండటంతో ఆ కుర్చీలో కూర్చున్న సీనియర్ లెక్చరర్, పోలీసులు అడిగితే చూపించడానికి డ్యూటీ ఆర్డరును మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు. బాత్రూముకు పోయినా జేబు తడుముకునేవారు.

నేను ఎప్పటిలాగే జోకులు వేశాను. ఎవరూ నవ్వలేదు. నా కొలువులో అంతకన్నా పెద్ద మెమో నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ పిల్లల్లో గంగారాం, శ్రీనివాస్ అని ఇద్దరు దోస్తులు. గంగారాం హాస్టల్ పిల్లవాడు, తండ్రి దుబాయిలో ఉండేవాడు. శ్రీనివాస్ తండ్రికి కోరుట్ల బజారులో కిరాణా దుకాణం. ఎన్నికల ముందు ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే సైకిలు. ఎన్నికల తర్వాత వారానికి మెట్‌పల్లి దారిలో పోలీసులు బస్సు ఆపి, సిరా లేదని గంగారాంను దింపి, సాయంత్రం దాకా ఠాణాలో కూర్చోబెట్టారు. శ్రీనివాసే పోలీసులకు పేరు చెప్పాడని హాస్టల్లో ఎవరో పుట్టించారు. గంగారాం నమ్మాడు. ఒకరోజు స్టాఫ్ రూము బయట నన్ను పట్టుకున్నాడు.

"కాకా, టీసీ ఎప్పుడిస్తరే?"

"ఎందుకురా కొడుకా, దుబాయి పోతున్నవా?"

"ఏడికైతేంది. గీడ మాత్రం ఉండ."

టీసీ అంటే కాలేజీ విడిచిపోయేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్. ఆ రోజుల్లో చదువు మధ్యలో టీసీ తీసుకున్న పిల్లవాడు మూడు దారుల్లో ఒకటి పట్టేవాడు. దుబాయి, లేదంటే మరమగ్గాల పనికి భీవండి. మూడో దారి పేరును ఎవరూ గట్టిగా అనేవారు కాదు. దరఖాస్తు మీద తండ్రి సంతకం ఉండాలన్నది రూలు. తండ్రి దేశంలో లేడు గనుక తల్లిని తెచ్చి వేలిముద్ర వేయిస్తానని, వచ్చే వారం దాకా గడువు అడిగి పోయాడు గంగారాం.

రాజనీతిశాస్త్రం చెప్పే విమల మేడంకు ఈ సంగతి చెప్పాను. ఆమెది హన్మకొండ. కోరుట్లలో ఒక అర్ర కిరాయికి తీసుకుని ఒక్కరే ఉండేవారు. ఆమె ఆ మరునాడే పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఎన్నికల మీద ఎవరి మనసులో ఏముందో చెప్పుకుందాం, ఎవరినీ ఎవరూ తప్పు పట్టొద్దు అన్నారు. చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి ఒక పిల్లవాడు లేచి, ఫ్యాను తిరుగుత లేదు మేడం అని కూర్చున్నాడు. ఆ చలికాలంలో ఆ మీటింగులో తేలిన విషయం అదొక్కటే.

ఆదివారం నేను సిరిసిల్ల పోయాను. మా అన్న నూలుకు రంగు అద్దే పని చేసేవాడు. మోచేతుల దాకా ఊదారంగు. నేను కాలేజీ సంగతి చెబుతుంటే ఆయన చేతులు చాపి చూపించాడు. "గీ చేతులు సూసి ఏ పోలీసోడు ఏం చెప్తడురా? ఏడాది పొడుగూత ఓట్లేసినట్టే ఉంటయి." నేను నవ్వాను. కొంతదూరం పోయాక ఆగి, వెనక్కి వచ్చి, ఒక పొట్లం ఊదారంగు అడిగి తెచ్చుకున్నాను.

సోమవారం మేడం దగ్గర నిలబడ్డాను.

"మేడం, స్టేజీ తెర వెలిసిపోయింది. యానివర్సరీ దగ్గరికొచ్చె. రంగద్దుదామా?"

"అద్దించు. నన్నెందుకు అడుగుతున్నవ్?"

"పెద్ద తెర మేడం. పిల్లలందరు చేతులు పెడితేనే అయితది. చేతులకు రంగంటితే పదిహేను రోజులన్న పోదు."

ఆమె పుస్తకం మూసి నా దిక్కు చూశారు. "ఎడమ చేతికి గూడ అంటుతదా?"

"ఎడమ చేతికి ముందుగాల అంటుతది మేడం."

మేడం గట్టిగా నవ్వారు. ఎన్నికల తర్వాత నా జోకుకు ఎవరైనా నవ్వడం అదే మొదలు. ఇంచార్జి సారు మాత్రం, పోలీసోళ్లు వచ్చి అడిగితే ఏం చెప్తవయ్యా అన్నారు. తెర అని చెప్త సార్ అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

మరునాడు హాస్టల్ నుంచి వంట గంగాళం మోసుకొచ్చి, కాలేజీ వెనక పొయ్యి పెట్టాం. నీళ్లు మరిగాయి, రంగు కలిపాం, తెరను ముంచి కట్టెలతో తిప్పాం. చల్లారిన తర్వాత అసలు పని మొదలైంది. తడిసిన తెర గున్న ఏనుగంత బరువు. దాన్ని పిండాలంటే రెండు కొసల్లో ఇద్దరు గట్టిగా పట్టుకోవాలి. ఒకరు ఇటు తిప్పితే ఇంకొకరు అటు తిప్పాలి. ఇద్దరూ ఒకే దిక్కు తిప్పితే తెర గిర్రున తిరుగుతుందే తప్ప చుక్క నీరు కారదు. జేబులో ఒక చేయి పెట్టుకుని చేసే పని కాదది. నేను గంగారాంను ఒక కొసకు, శ్రీనివాస్‌ను ఇంకో కొసకు పిలిచి, మిగతావాళ్లను నడిమిట్ల నిలబెట్టాను.

మొదట తెర నీళ్ల చప్పుడే. తర్వాత శ్రీనివాస్ అన్నాడు: "గట్టిగ పట్టుర, జారుతున్నది."

"చెప్పుడు నీకు మంచిగనే అస్తది" అన్నాడు గంగారాం. "ఠాణాల గూడ గిట్లనే చెప్పినవా?"

"ఏం చెప్పిన?"

"నాకు సిరా లేదని."

"నీ వేలు నీ చేతికే ఉండె గదర, నేను జెప్పేదేంది?"

నడిమిట్ల పట్టుకున్న పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. శ్రీనివాస్ నవ్వలేదు. "నేను మా బాపును తోల్కొని ఠాణా దాక అచ్చిన. లోపటికి రానియ్యలే. నిన్ను ఇడిసే దాక గేటు కాడ్నే నిలవడ్డం."

"మరి చెప్పలేదేందిరా?"

"నువ్వు చెయ్యి జేబుల పెట్టుకొని మొకం తిప్పుకొంటివి. నేను గూడ జేబుల పెట్టుకొంటి."

గంగారాం తెర కొసను చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. "తిప్పు మరి, సూస్తవేంది" అన్నాడు. ఇద్దరూ తిప్పారు. నీళ్లు ధారగా కారి అందరి కాళ్ల మీద పడ్డాయి. ఆడపిల్లలు కేక పెట్టారు, మగపిల్లలు ఇంకా గట్టిగా అరిచారు. గేటు కానిస్టేబుల్ లోపలికి తొంగిచూసి ఊదారంగు చేతుల గుంపును చూశాడు. ఏ వేలును పట్టుకోవాలో తెలియక వెనక్కి పోయాడు. ఇంచార్జి సారు వచ్చి, బట్ట నాణ్యం చూస్తున్నట్టు తెర అంచు పట్టుకుని, ఎడమచేతి వేలు నిదానంగా గంగాళంలో ముంచారు. ఆ తర్వాత ఆయన జేబులో డ్యూటీ కాగితం నేను చూడలేదు.

చేతులు బయటికి వచ్చాక మాటలు కూడా వచ్చాయి. మేడం మళ్లీ హాల్లో కూర్చోబెట్టలేదు. ఇంటర్వెల్ గంటను రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా కొట్టమని నాకు చెప్పారు, అంతే. పిల్లలు మెట్ల మీద కూర్చుని ఓటు ఎందుకు వేశామో, ఎందుకు వేయలేదో, రాత్రి ఎవరు వచ్చి తలుపు కొడతారోనని ఇంట్లో ఎట్లా భయపడుతున్నారో చెప్పుకునేవారు. కొట్లాడుకునేవారు కూడా. ఆ కొట్లాట నాకు కచేరీలాగా వినిపించేది.

గంగారాం అన్న మాట ప్రకారం అతని తల్లి వచ్చింది. ఆఫీసు ముందర బొటనవేలు పైకెత్తి పట్టుకుని నిలబడింది, సిరా డబ్బా ఏదని. గంగారాం ఆమె చేయి పట్టుకుని కిందికి దించాడు.

"ఒద్దు తియ్యే అవ్వా. పరీచ్చలు రాసినంక సూద్దాం."

"గీ ముచ్చట ఇంటికాడ్నే జెప్తే బస్సు కిరాయన్న మిగులు గదరా" అంది ఆమె, కొడుకు ఊదారంగు చేతులను తిప్పి తిప్పి చూస్తూ.

గంగారాం డిగ్రీ అక్కడే పూర్తి చేశాడు. నేను తెలుసుకున్నది ఇది: మాట్లాడుకోండి అని కూర్చోబెడితే మనుషులు మాట్లాడరు. ఇద్దరు కలిస్తే తప్ప కాని పని అప్పజెప్పి, మనం పక్కకు జరగాలి. కొలువు అయిపోయే దాకా ప్రతి కాలేజీలో దీన్ని పాటించాను. కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల చేయలేదు.

యానివర్సరీ రోజు ముఖ్య అతిథి తెల్లచొక్కాతో తెరకు ఒరిగి నిలబడ్డాడు. ఉపన్యాసానికి ముందుకు వచ్చి వెనక్కి తిరిగేసరికి వీపంతా ఊదారంగు. రంగు బట్టను పట్టుకోవాలంటే మరిగే నీళ్లలో ఉప్పు వేయాలి. మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. రంగు అద్దిన రోజు నా ధ్యాసంతా పిల్లల చేతుల మీద ఉండి ఉప్పు మర్చిపోయానని మేడంకు ఒప్పుకున్నాను.

ఎండాకాలంలో మేడంకు హన్మకొండ బదిలీ అయింది. ట్రంకు పెట్టె మోసుకుని జగిత్యాల బస్సు దాకా నేనే పోయాను. ఆ తర్వాత ఆమెను చూడలేదు. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని ఎన్నోసార్లు అనిపించింది. ఆ రోజు బస్సు కదిలేలోపు ఏదో ఒకటి అనాలని, "మేడం, రంగు నిలవకపోయినా మన పనైతే అయింది గదా, ఏమంటరు?" అన్నాను. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టారు.

"సిరిసిల్లల పుట్టి ఉప్పెయ్యుడు మర్చినవంటే, నువ్వు నడిమిట్ల ఇడిసిపెట్టింది బడి ఒక్కటే కాదన్నట్టు, రాజేశం!"