మూడో ట్రే

2006 ఏప్రిల్‌లో వేంసూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి నాణ్యతాధికారిగా వెళ్లాను. లారీలో వచ్చిన కాయను మక్కబెట్టే గదిలో ఉంచుతాం. ఒక లారీ సరుకు ఒక లాట్. పండే తేదీ రాసిన కార్డు లాట్‌కు ఒకటే ఉంటుంది. ఆ తేదీకి లాట్ మొత్తం సార్టింగ్ బెల్టు మీదికి వస్తుంది. ఆ పద్ధతి రాసింది నేనే.

మే మొదట్లో గుజ్జు దిగుబడి తగ్గింది. బెల్టు దగ్గర టేకులపల్లి వైపు నుంచి సీజన్‌కు వచ్చి షెడ్లలో ఉండే ఆరుగురు ఆడవాళ్లు ఉండేవారు. వాళ్లు మంచి పండు పారేస్తున్నారని, ఆరుగురినీ తీసేయాలని మేనేజరు మెమో రాయించి నా సంతకం అడిగారు. సీజన్ మధ్యలో వెళ్లిపోతే వాళ్లకు మరో ఫ్యాక్టరీలో చోటు దొరకదు. నాలుగు రోజులు గడువు అడిగాను.

ముందు చెత్త గుంట దగ్గరికి వెళ్లాను. పైన పడ్డ పండ్లన్నీ పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. ఓ పది కోశాను. ఏడింటిలో టెంక చుట్టూ కండ తెల్లగా, పుల్లగా ఉంది. రంగు ముందు వచ్చింది, కండ ఇంకా రాలేదు.

ఆ ఆరుగురిలో పెద్దది సీతమ్మ. ప్రతి పండునూ తొడిమ దగ్గర వాసన చూసి, కొన్నిటిని గుంటకు పోయే ట్రేలో వేస్తోంది.

"పచ్చగున్నది కదా, ఎందుకు పారేస్తున్నవ్?" అని అడిగాను.

"రంగొచ్చింది గని వాసన రాలే సారూ. ఇంకో రెండొద్దులు ఆగాలె."

"ఆగాలంటే గుంటల ఎందుకేస్తున్నవ్?"

"మరి ఏడ పెట్టాలె? రెండే ట్రేలు ఇచ్చిన్రు. ఒకటి మిషిన్‌కు, ఒకటి గుంటకు. మీ కార్డేమో అన్నీ ఇయ్యాలనే పండినయంటది."

పక్కనున్నామె బెల్టు మీంచి కళ్లెత్తకుండానే, "మా సీతక్క ముక్కుకు చదువు రాదు సారూ, కార్డు సదవలే" అంది. అందరూ నవ్వారు.

ఇంట్లో ఎలా చేస్తారని అడిగాను. గంపలో కాయ మీద గడ్డి కప్పి, రోజూ పొద్దున ఆ గడ్డి తీసి చూస్తారట. వచ్చిన కాయ తీసి, రానిదాన్ని మళ్లీ కప్పుతారట. గంప మొత్తం ఒకేరోజు పండుతుందని వాళ్లలో ఎవరూ అనుకోరు.

మా చర్చి సంఘంలో ఆదివారం బడి నడిపేవాణ్ణి. అయిదు రొట్టెలు వేలమందికి సరిపోయిన బైబిలు భాగం చాలాసార్లు చెప్పాను, ఎప్పుడూ అద్భుతం దగ్గరే ఆగాను. అందరూ తిన్నాక ప్రభువు మిగిలిన ముక్కలను గంపలకెత్తించాడు. ముక్కలు ఎత్తాలంటే ముందు అక్కడ గంపలుండాలి కదా అన్న ఆలోచన ఆ బెల్టు దగ్గరే మొదటిసారి వచ్చింది.

మరునాడు ఒక లాట్‌ను రెండు భాగాలు చేశాం. ఒక సగం పాత పద్ధతిలో నడిచింది. రెండో సగానికి సీతమ్మ పక్కన మూడో ట్రే పెట్టించాను. అందులో పడ్డవి మళ్లీ మక్క గదికి వెళ్లాయి. రెండు రోజుల తర్వాత వాటిలో ఎక్కువ భాగం మిషన్‌కు ఎక్కాయి. లేతగా కోసినవి మాత్రం పండక, ముడతలు పడి గుంటకే పోయాయి. ఆ తప్పు తోటలో జరిగింది, బెల్టు దగ్గర కాదు.

మెమో మీద సంతకం పెట్టలేదు. నా పద్ధతినే కొట్టేసి, రోజూ ఏరి తీయాలని కొత్తగా రాసి మేనేజరుకు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, మరో ఆరు ట్రేలకు ఇండెంట్ పెట్టమన్నారు. ఆ ఆరుగురూ సీజన్ చివరిదాకా పనిచేశారు.

ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా మొదట చెత్త గుంట చూసి, అందులో వేసిన మనిషిని ఎందుకు వేశావని అడిగేవాణ్ణి. రిజిస్టరు ఆ తర్వాతే తెరిచేవాణ్ణి.