పై ప్లగ్గు ముందు విప్పాలి

జీపులు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ నిదానం మేస్త్రీ అంటారు. అసలు పేరు ఆయన భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు, ఆవిడ కూడా దాన్ని వాడదు. తుప్పు పట్టిన బోల్టు ఎదురైతే ఆయన దాని మీద చెయ్యి చేసుకోడు. తీగ బ్రష్షుతో మొహం తోమినట్టు తోమి, నాలుగు చుక్కలు డీజిలు పోసి, దాని మానాన దాన్ని వదిలేసి టీ తాగడానికి పోతాడు. బోల్టుకైనా అలిగిన అల్లుడికైనా బతిమాలుకోవడమే మందనీ, బలవంతంగా లాగితే తల ఊడి చేతికొస్తుందనీ ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లలో ఒక్క బోల్టు తల కూడా విరగ్గొట్టలేదని చెప్పుకుంటాడు. విరిగినవి రెండున్నాయి కానీ, అవి తన పుట్టింటివాళ్ల జీపువి కాబట్టి లెక్కలోకి రావట అని భార్య చెబుతుంది.

షెడ్డు ముందు బల్ల ఆవిడది, షెడ్డు లోపలి నేల ఆయనది. ఆయన జీపు కింద పడుకుని చెయ్యి బయటికి చాపితే, ఏం కావాలో అడక్కుండానే ఆవిడ పానా అందిస్తుంది. ఆయన చేతులు ఎంత నిదానమో నోరు అంత హుషారు. కింద పడుకున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు.

ఆయనకి ఇష్టమైన పాఠం ఒకటుంది. జీపు వెనక చక్రాల నడుమ గుమ్మడికాయంత ఇనుప బుంగ ఉంటుంది, దాన్నే డిఫరెన్షియల్ అంటారు. మలుపులో ఒక చక్రం ఎక్కువ, రెండోది తక్కువ తిరగడానికి వీలు చేసే పళ్లచక్రాలు అందులో చిక్కటి ఆయిల్లో మునిగి ఉంటాయి. ఆ బుంగకి రెండు ప్లగ్గులు. కిందిది విప్పితే పాత ఆయిలు కారిపోతుంది, పైదాన్లోంచి కొత్తది పోస్తారు. ఎప్పుడైనా సరే ముందు పైదే విప్పి చూసుకోవాలి. కిందిది విప్పి ఉన్నదంతా పారబోశాక పైది రానని మొండికేస్తే కొత్తది పొయ్యడానికి దారుండదు, ఆయిలు లేకుండా బండి కదపడానికీ లేదు. కుండలో నీళ్లు ఒలకబోసుకునే ముందు బావిలో నీళ్లున్నాయో లేదో చూసుకోవద్దా అంటాడు.

ఈ పాఠానికి ఉదాహరణ ఆయన బావమరిదే. పక్క షెడ్డులో వెల్డింగు చేసుకునే అతను ఆరేళ్ల కిందట ఒకరోజు సాయానికొచ్చి, ముందు కింది ప్లగ్గు విప్పేశాడు. ఆ రోజు పైది సులువుగానే వచ్చింది, ఎవరికీ పోయిందేమీ లేదు. అయినా అప్పట్నుంచీ ఇంటికి ఏ చుట్టం వచ్చినా, మంచినీళ్లు చేతికిచ్చేలోపే మేస్త్రీ ఆ కథ ఎత్తుకుంటాడు. బావమరిది గోడకేసి చూస్తూ వింటాడు.

ఒకనాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి పశువుల డాక్టరమ్మ జీపేసుకుని వచ్చింది. వాగు దాటినప్పట్నుంచీ వెనకవైపు పిల్లి ఏడ్చినట్టు ఒకటే శబ్దమంది. బుంగలోకి నీళ్లు పోయుంటాయని మేస్త్రీ చెప్పాడు. ఆమె ఒక ఐసు పెట్టెని పసిబిడ్డలా పట్టుకుని దిగింది. అందులో మేకలకి వేసే టీకా మందుంది. ఒంటిగంటకి కొండమీది కాపరులు మందలన్నిటినీ ఒక్కచోటికి తోలుకొస్తారు. ఐసు కరిగి మందు వేడెక్కిందంటే పారబోసుకోవాల్సిందే, మళ్లీ రావాలంటే నెల. అవతలి కొండమీద అప్పటికే రోగం మొదలైంది. పన్నెండుకల్లా బయల్దేరాలని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయిలు మార్చడమే కదా, పదకొండుకి తాళం మీ చేతిలో పెడతానని మేస్త్రీ మాటిచ్చాడు.

ఆమెకి తెలుసుకోవాలనే ఆశ ఎక్కువ. బల్లమీద కూర్చుని, ఆ బుంగకి రెండు ప్లగ్గులు ఎందుకని అడిగింది. జీపు కింద మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. బుంగ దగ్గర మొదలెట్టి, బావి మీదుగా బావమరిది దాకా వచ్చాడు. నోటిపని నోటిదే, చేతిపని చేతిదే.

"అందుకేనమ్మా, ఎంత తొందరున్నా సరే, మనిషన్నవాడు ముందు పై..."

పాలు పోసిన టీ రంగులో ఆయిలు దబదబా బేసిన్లోకి పడింది.

జీపు కింద మాట ఆగిపోయింది. ఆయన మాట సగంలో ఆగడం భార్య పెళ్లయ్యాక వినడం అదే మొదటిసారి. ఏమైందని అడిగితే, ఏమీ కాలేదు, ఆయిలు బాగా దిగుతోందన్నాడు. చెయ్యి మాత్రం ఒకటి తరవాత ఒకటి అడుగుతూనే ఉంది. తీగ బ్రష్షు, డీజిలు, సుత్తి. తరవాత పొడుగు పానా, ఆ పానాకి తొడిగే ఇనుప పైపు. పైపు దగ్గరకొచ్చేసరికి ఆవిడకి సంగతి అర్థమైపోయింది. అయినా పెదవి విప్పలేదు. ముప్పై ఏళ్లకి ఒకసారి దొరికే వినోదాన్ని ఎవరు తొందరగా ముగించుకుంటారు?

పై ప్లగ్గుకి పానా దూరే నలుచదరపు గుంటని లోగడ ఎవరో గుండ్రంగా అరగ్గొట్టేశారు. పైపు వేసి తోస్తే పానా జారి, మేస్త్రీ వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. పదకొండైంది. డాక్టరమ్మ లేచి ఐసు పెట్టె మూలనున్న బిరడా తీసి, కరిగిన నీళ్లు గుమ్మం బయట పారబోసింది. కింద పడుకున్న ఆయనకి ఆ నీళ్ల ధార చెవి పక్కనే పడినట్టు వినిపించింది. చెబితే జన్మంతా బావమరిది ముందు తలెత్తుకోలేడు. చెప్పకపోతే అక్కడ మేకలు. ఇంకోసారి పైపు వేసి చూశాడు. ఇంకోసారి జారింది.

మేస్త్రీ పాక్కుంటూ బయటికొచ్చాడు.

"అమ్మా, తప్పు నాదే. ముందు కిందిది విప్పేశాను. పైది రావట్లేదు," అన్నాడు. తరవాత భార్య వైపు తిరిగి, "మీ తమ్ముణ్ణి పిలు," అన్నాడు.

"ఎవర్నీ?" అంది ఆవిడ.

"మీ తమ్ముణ్ణే."

"ఎందుకో చెబితే పిలుస్తాను."

పిలవాల్సిన పనే లేకపోయింది. రెండు షెడ్ల మధ్య గోడ రేకుదే. బావమరిది అప్పటికే వెల్డింగు తీగ భుజాన వేసుకుని నిలబడ్డాడు, అతని వెనక దర్జీ, సైకిళ్లాయన కూడా. అతను నవ్వలేదు. డాక్టరు రోగిని అడిగినట్టు మర్యాదగా, "బావా, ముందు ఏది విప్పావు?" అన్నాడు.

"కిందిది."

"సరిగా వినపడలేదు, ఆరేళ్లుగా ఒకే కథ విని చెవులు దిబ్బళ్లు వేశాయి."

"కిందిది విప్పానురా. ఇక పని చూడు, ఆమె మందు పాడైపోతుంది."

బావమరిది జీపు కిందికి దూరాడు. బ్యాటరీ వైరు పీకించి, అరిగిన ప్లగ్గు మీద పెద్ద నట్టు ఒకటి పెట్టి అతికించాడు. అది ఎర్రగా ఉండగానే పానా అందుకోబోతే మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు తిప్పితే నట్టు ఊడుతుంది, చల్లారనీ అన్నాడు. పన్నెండుకి పావుగంటే ఉందని డాక్టరమ్మ గుర్తుచేసింది. ఐదు నిమిషాలన్నాడు మేస్త్రీ. వేడి కాస్త తగ్గాక ప్లగ్గు అంచుకి కొవ్వొత్తి ఆనించాడు. మైనం కరిగి, దాహమేసినట్టు మరల్లోకి దిగిపోయింది. వెల్డింగాయనా, దర్జీ, సైకిళ్లాయనా, డాక్టరమ్మా అందరూ ఆమె గడియారం చుట్టూ చేరి ఐదు నిమిషాలు లెక్కపెట్టారు. ఆ వీధిలో ఎవరూ అంతసేపు ఊరికే నిలబడ్డ దాఖలా లేదు.

పానా వేసి మేస్త్రీ మెల్లగా నొక్కాడు. కిర్రుమంది. వెనక్కి అర అంగుళం, ముందుకి అంగుళం, అలా ఊపి ఊపి తిప్పితే ప్లగ్గు చేతిలోకొచ్చింది. బుంగని డీజిలుతో ఒకసారి కడిగి, కింది ప్లగ్గు బిగించి, పైదాన్లోంచి కొత్త ఆయిలు పోశాడు. అది అంచుదాకా వచ్చి చిన్నగా కారేదాకా ఆగి, భార్య తెచ్చిన కొత్త ప్లగ్గు బిగించాడు. పన్నెండూ పదికి జీపు వీధి మలుపు తిరిగింది.

ఆ పూట బావమరిది అక్కయ్యింట్లోనే భోజనానికి కూర్చున్నాడు. అక్క ముందు తమ్ముడికి వడ్డించి, తరవాత మొగుడికి వడ్డించింది. మేస్త్రీ ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టలేదు. ఫోను మోగితే భార్య తీసింది. మందలు ఇంకా వస్తూనే ఉన్నాయట, పెట్టెలో నిమ్మకాయంత ఐసు మిగిలిందట, టీకాలు మొదలుపెట్టేశారట. మేస్త్రీ ఫోను లాక్కున్నాడు.

"అమ్మా, వెనక ఏమైనా శబ్దం వచ్చిందా?"

ఏమీ లేదు, మేకల గోల తప్ప అందామె.

మేస్త్రీ ఫోను పక్కన పెట్టి అన్నం తినడం మొదలెట్టాడు. బావమరిది మూడోసారి వడ్డించుకుంటూ, సాయంత్రం చుట్టాలెవరైనా వస్తున్నారా అని అక్కని అడిగాడు. ఎవరూ రావట్లేదంది ఆవిడ.

"అయితే పిలుద్దాం," అన్నాడు.