పన్నునొప్పి కాదు

ఆదివారం పలావు చేద్దామని లవంగాల డబ్బా మూత తీశాను. ఘాటు ముక్కుకి తగలగానే చెయ్యి ఆగిపోయింది. పొయ్యి మీద నూనె కాగుతున్న సంగతే మరిచి, కిటికీ పక్క బెంచీ మీద కూర్చుండిపోయాను. గుమ్మంలోంచి మా అమ్మాయి "టూత్‌ఏక్, మమ్మీ?" అంది. సిడ్నీలో, ఈ క్వేకర్స్ హిల్‌లోనే పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. కానీ ఆ ప్రశ్న నాది. చదువుకునే రోజుల్లో, మెల్‌బోర్న్‌లో, రూబెన్ అంకుల్‌ని నేనూ అదే అడిగాను.

ఆయన ఇంటి వెనకగదిలో రెండేళ్లు అద్దెకున్నాను. ఎనభై దాటిన యూదుడు, భార్య హన్నా పోయాక ఒంటరి. ఆయన పేరు వినగానే నాకు నవ్వొచ్చింది. బాపట్లలో మా చర్చికి వచ్చే రూబేనులు ముగ్గురు, అందులో ఒకరు మా పెద్దనాన్న. ఆ ముక్క చెబితే "అయితే మనం చుట్టాలమే" అన్నారు.

మొదటి శనివారం చీకటి పడ్డాక ఆయన ఒక చిన్న వెండి డబ్బా తెరిచి లవంగాలు వాసన చూస్తున్నారు. మా ఇంట్లో లవంగం బయటికొస్తే రెండే కారణాలు: పలావు, పన్ను. "పన్ను నొప్పా అంకుల్?" అన్నాను. కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, తర్వాత చెప్పారు. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వాళ్ల విశ్రాంతి దినమంతా మనిషికి ఇంకో ఆత్మ తోడుంటుందట. శనివారం ఆకాశంలో మూడు చుక్కలు కనిపించాక అది వెళ్లిపోతుందట. మిగిలిన ఆత్మ బెంగతో సొమ్మసిల్లకుండా ఈ పరిమళం. ఆ తర్వాత పేనిన కొవ్వొత్తి ఒకటి వెలిగించాలి. ఆయన చేతులు వణికేవి కాబట్టి, దాన్ని వెలిగించి పట్టుకోవడం నా వంతయింది.

ఆ వెలుగులోనే నాకు యూదుల మార్మిక విద్య కబాలా గురించి కబుర్లు చెప్పేవారు. అంతటా నిండి ఉన్న దేవుడు, లోకానికి చోటివ్వడానికి తానే కాస్త పక్కకు జరిగాడట. "జరగడం చేతకానివాడికి ప్రేమించడం రాదు" అనేవారు. ఆ రోజుల్లో యూనివర్సిటీలోగానీ, పనిచేసే చోటగానీ, ఇబ్బందిగా ఉన్న ప్రతిదానికీ నేను "అర్థం కాలేదు" అని తప్పించుకునేదాన్ని. అది ఆయన ఇట్టే పట్టేశారు. "నీ లోపలి ఆత్మకి వెంటనే అర్థమవుతుంది. పైనున్నది నటిస్తుంది. నువ్వెవరో తెలియాలంటే, నటన మొదలయ్యే క్షణాన్ని పట్టుకో" అన్నారు. బుద్ధిగా తలూపాను.

ఒక శనివారం మధ్యాహ్నం నా క్లాస్‌మేట్ స్వాతి ఫోన్ చేసింది. "ఏవే, కేరమ్ డౌన్స్‌లో బార్బెక్యూ పెడుతున్నాం, అసైన్‌మెంట్‌లు సబ్మిట్ చేసేశావుగా, వచ్చెయ్!" నేను తయారై హాల్లోకొచ్చేసరికి అంకుల్ కొవ్వొత్తి వైపు చూస్తున్నారు. విశ్రాంతి దినాన ఆయన ఎవరికీ పని చెప్పరు, అది చీకటి పడ్డాక చెయ్యాల్సిన పనైనా సరే. మాటల్లో సూచిస్తారంతే. "ఇవాళ హన్నా పోయిన రోజు. చేతులు మరీ మొండికేస్తున్నాయి" అన్నారు.

నాకు అర్థమైంది. అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. "టేక్ కేర్ అంకుల్" అని వెళ్లిపోయాను.

ఆదివారం పొద్దున తిరిగొస్తే, బల్ల మీద కొవ్వొత్తి వత్తి తెల్లగా అలాగే ఉంది. దాని చుట్టూ సగం కాలి ఆరిపోయిన అగ్గిపుల్లలు. "సారీ అంకుల్, మీరు ఉండమంటున్నారని నాకు అర్థం కాలేదు" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు. కోపం లేదు. ఉంటే బాగుండేది. "సరే. ఆ మాటకీ చోటిస్తాను" అని, సోఫాలో పక్కకు జరిగి నన్ను కూర్చోమన్నారు. నేను క్లాసుందని చెప్పి గదిలోకి పోయాను. ఆదివారం క్లాసేమిటని కూడా ఆయన అడగలేదు.

ఆ తర్వాత చాలా శనివారాలు కొవ్వొత్తి పట్టుకున్నాను. "ఆ రోజు నాకు అర్థమైంది అంకుల్" అన్న ఒక్క మాటని మాత్రం ప్రతిసారీ వచ్చే శనివారానికని వాయిదా వేసేదాన్ని. ఉద్యోగం దొరికి సిడ్నీ వచ్చేశాను. మరుసటి చలికాలం ఆయన పోయారని పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది. నేనెవరో నాకు చూపించిన మనిషికి, చూశానని చెప్పలేకపోయాను. సిగ్గు ఇప్పటికీ పోలేదు.

"మమ్మీ? టూత్‌ఏక్?" అమ్మాయి మళ్లీ అడిగింది. అలవాటుగా అవునని తలూపబోయి, ఆపుకున్నాను.

"కాదు" అన్నాను. లేచి పొయ్యి కట్టేసి వచ్చి, బెంచీ మీద పక్కకు జరిగి కూర్చున్నాను.